ముందొచ్చిన చెవులు, వెనకొచ్చిన కొమ్ములు

లండన్ తూర్పు భాగంలో, షోర్‌డిచ్‌కూ బెత్నల్ గ్రీన్‌కూ సరిహద్దున, ఆర్నల్డ్ సర్కస్ అనే గుండ్రటి తోట ఉంది. నడుమ చిన్న దిబ్బ, దాని మీద బ్యాండు వాయించే మంటపం, చుట్టూ ఎర్ర ఇటుకల భవనాలు. ఓల్డ్ నికల్ అనే మురికివాడను కూలగొట్టినప్పుడు మిగిలిన శిథిలాలను పోగేసి లేపిన దిబ్బ అది. 1889లో ఏర్పడిన లండన్ కౌంటీ కౌన్సిల్ ఆ వాడను నేలమట్టం చేసి, అక్కడే బౌండరీ ఎస్టేట్ కట్టి, 1900లో యువరాజు చేత ప్రారంభోత్సవం జరిపించింది. వాడ కూలినప్పుడు ఇల్లు పోయినవారు 5,719 మంది. కొత్త ఇళ్లలోకి రాగలిగినవారు 11 మంది. మిగతావారిని ఎవరూ పేరు పెట్టి కాదనలేదు. అద్దె కాదంది. గుమాస్తాలు, పోలీసులు, నర్సులు, చేతిలో పని ఉన్న కార్మికులు వారం వారం ఆ అద్దె కట్టగలిగారు. ఓల్డ్ నికల్ వాళ్లు చుట్టుపక్కల ఇరుకు గదుల్లోకి ఇంకాస్త ఇరుక్కుంటూ వెళ్లిపోయారు. ప్రజల సొమ్ముతో, పేదల పేరుతో కట్టిన ఇళ్లు పేదలకు దక్కకపోవడానికి అక్కడ దురుద్దేశం అక్కర్లేకపోయింది. ఎవరికి ముందివ్వాలన్న ప్రశ్న ఎవరూ వేసుకోకపోవడమే సరిపోయింది.

ఆ ప్రశ్నకు జవాబుగా తర్వాత పుట్టిందే వెయిటింగ్ లిస్టు. బ్రిటన్‌లో కౌన్సిల్ ఇల్లు, అంటే స్థానిక పాలక సంస్థ ఇచ్చే ఇల్లు, అద్దెకు కావాలంటే ఆ లిస్టులో పేరుండాలి. పైకి చూస్తే ఇంతకంటే సాదా ఏర్పాటు ఉండదు: రేషన్ షాపు ముందు వరుసలా, ముందొచ్చినవారికి ముందు. కానీ దీని నూరేళ్ల చరిత్ర తిరగేస్తే తెలిసేది వేరు. ఇళ్ల జాబితా ఎన్నడూ ఉత్త వరుస కాలేదు. ఏ రోజు నుంచి లెక్కపెట్టాలి, ఎవరి పేరు రాయాలి, ఎవరి కష్టానికి ఎన్ని మార్కులు వేయాలి అన్న ప్రతి నిబంధన వెనకా ‘ఈ ఊరు ఎవరిది’ అనే పెద్ద తగువు ఉంది. ఆ తగువులో జాబితా చాలాసార్లు బలవంతుల పక్షమే వహించింది. అయినా దాన్ని తీసిపారేయమనడం పొరపాటు. జాబితా కాగితం మీద ఉంటుంది. కాగితం మీద ఉన్న అన్యాయాన్ని వేలు పెట్టి చూపించవచ్చు, నిలదీయవచ్చు, కొట్టివేయించవచ్చు. అద్దె ధర చేసే అన్యాయానికి అలాంటి చిరునామా ఉండదు.

జాబితాకు ముందు ఇల్లు ఎలా దొరికేదో చూస్తే అది దేన్ని తొలగించిందో అర్థమవుతుంది. మైకేల్ యంగ్, పీటర్ విల్మట్ అనే ఇద్దరు సామాజిక శాస్త్రవేత్తలు 1957లో బెత్నల్ గ్రీన్ కుటుంబాల మీద ఒక పుస్తకం ప్రచురించారు. అక్కడి ప్రైవేటు అద్దె ఇళ్లలో నడిచిన ఒక పద్ధతిని వాళ్లు వివరించారు. కూతురికి పెళ్లి కుదిరితే తల్లి అద్దె వసూలు చేసుకునే మనిషితో మాట్లాడేది. ఏళ్ల తరబడి బాకీ పెట్టకుండా కట్టిన మనిషి కాబట్టి ఆమె మాటకు విలువుండేది. వీధిలో ఏ గది ఖాళీ అయినా ఆ పిల్లకు దక్కేది. మన ఊళ్లలో ‘తెలిసినవాళ్ల పిల్ల’ అని ఇల్లివ్వడం లాంటిదే ఇది. ఇందులో ఆప్యాయత ఉంది, నమ్మకం ఉంది, తల్లీకూతుళ్లు ఒకే వీధిలో బతికే వీలుంది. ఆ వీధిలో తల్లి లేని పిల్లకు మాత్రం చోటు లేదు. కౌన్సిల్ గుమాస్తాకు ఆ తల్లి ఎవరో తెలియదు, తెలియనవసరం లేదు. ఆయన ముందున్నది అర్జీ కాగితం. దాని మీద గదులెన్ని, మనుషులెందరు, నీళ్ల కొళాయి ఇంట్లో ఉందా పెరట్లో ఉందా, క్షయ రోగి ఎవరైనా ఉన్నారా అన్న ప్రశ్నలు. పాత పద్ధతిలో మనిషికున్న బంధాన్ని బట్టి ఇల్లు దక్కేది, కొత్త పద్ధతిలో మనిషికున్న కష్టాన్ని బట్టి దక్కాలి. తర్వాతి కలహాలన్నీ ఈ రెండు న్యాయాల మధ్య నడిచినవే.

కష్టాన్ని బట్టి అన్న సూత్రం కూడా ఒక్క రోజులో రాలేదు. 1915లో గ్లాస్గో మహిళలు మేరీ బార్బర్ లాంటివారి నాయకత్వంలో యుద్ధకాలపు అద్దెల పెంపును ఎదిరించి అద్దె కట్టడం మానేశారు. ఆ ఏడాదే పార్లమెంటు అద్దెలకు పగ్గం వేసింది. 1919లో అడిసన్ చట్టం యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికుల కోసం 5 లక్షల ఇళ్లు కడతామంది. అందులో సగం కూడా పూర్తికాకముందే, 1921లో ఖర్చు తగ్గించాలంటూ ప్రభుత్వం చేతులెత్తేసింది. కట్టినవైనా మంచి ఇళ్లు కావడంతో అద్దెలు ఎక్కువే. నికరమైన జీతం ఉన్నవాళ్లే అందుకోగలిగారు. బౌండరీ ఎస్టేట్ కథే మళ్లీ నడిచింది. 1930ల చట్టాలు వచ్చాకే కౌన్సిళ్లు మురికివాడల నుంచి, ఇరుకు ఇళ్ల నుంచి, పెద్ద కుటుంబాల నుంచి వచ్చినవారికి తగినంత ప్రాధాన్యం ఇవ్వాలన్న మాట గట్టిపడింది. 1949లో, మంత్రి అనూరిన్ బెవన్ హయాంలో, కౌన్సిల్ ఇల్లు ‘శ్రామిక వర్గాల’ కోసమేనన్న పదాలను చట్టంలోంచి తీసేశారు. డాక్టరూ వ్యవసాయ కూలీ ఒకే వీధిలో ఉండాలన్నది ఆయన ఆశ. అంటే అర్హుల గుంపు పెరిగింది. ఇళ్లు అంతగా పెరగలేదు. ఇక ఎంపిక భారమంతా జాబితా మీద పడింది.

యుద్ధానంతరం కౌన్సిళ్లలో ముఖ్యంగా రెండు రకాల జాబితాలు నడిచాయి. ఒకటి తేదీ ప్రకారం: అర్జీ పెట్టిన రోజే నీ స్థానం. రెండోది పాయింట్ల ప్రకారం: ఇరుకుకు ఇన్ని, రోగానికి ఇన్ని, వేరొకరితో వంటగది పంచుకుంటే ఇన్ని, ఎదురుచూసిన ప్రతి ఏడాదికీ ఇన్ని. పాయింట్లు కష్టాన్ని తూచే తక్కెడ అన్నారు. ఆ తక్కెడ పట్టుకున్న చేయి మాత్రం మనిషిదే. అర్జీదారు ఇంటికి కౌన్సిల్ తరఫున ఒక ఉద్యోగి వచ్చేది. గదులు కొలవడంతో ఆమె పని అయిపోయేది కాదు. ఇల్లు శుభ్రంగా ఉందా, పరుపులూ కుర్చీలూ ఎలా ఉన్నాయి, మనుషుల వాలకం ఏమిటి అని చూసి ఆ కుటుంబం ఎలాంటి ఇంటికి తగునో రాసుకునేది. బాగున్న కుటుంబానికి కొత్త ఇల్లు, అంతంతమాత్రం అనిపిస్తే పాత ఇల్లు. ఇరుకు గదిలో ఆరుగురు పిల్లలతో బతికే తల్లి ఇల్లు చక్కగా సర్దుకోలేకపోవడమే ఆమె కష్టానికి సాక్ష్యం కావాలి. ఇక్కడ అదే ఆమె మీద నేరమైంది. సూత్రం కష్టాన్ని లెక్కపెట్టమంది. ఆచరణ మర్యాదను లెక్కపెట్టింది.

తేదీ ప్రకారం నడిచే జాబితా అయితే ఈ వివక్ష ఉండదు కదా అని అడగవచ్చు. కాలం అందరికీ సమానమే, రాణికైనా రోజుకు 24 గంటలే. ఈ వాదన ఎంత బలంగా కనిపిస్తుందో బర్మింగ్‌హామ్ అనుభవం ముందు అంత పలచబడుతుంది. 1960లలో ఆ నగరంలో కౌన్సిల్ ఇంటికి పరిశీలనలోకి రావాలంటే అయిదేళ్లు ఊళ్లో కాపురం ఉండి ఉండాలి. నిబంధనలో రంగు మాట లేదు, దేశం మాట లేదు. కానీ ఫౌండ్రీల్లో, బస్సుల్లో, ఆసుపత్రుల్లో పనికోసం కరీబియన్ దీవుల నుంచి, పంజాబ్ నుంచి, పాకిస్తాన్ నుంచి కొత్తగా వచ్చినవాళ్లకు లేనిదల్లా ఆ అయిదేళ్లే. జాన్ రెక్స్, రాబర్ట్ మూర్ స్పార్క్‌బ్రుక్ అనే పేటను పరిశీలించి 1967లో రాసిన పుస్తకం దీని ఫలితాన్ని విప్పి చెప్పింది. కౌన్సిల్ తలుపు మూసి ఉంది, మామూలు గృహరుణం పుట్టదు. కాబట్టి కొందరు దొరికిన అప్పు తెచ్చి పాత పెద్ద ఇళ్లు కొన్నారు, అప్పు తీర్చడానికి గదికో కుటుంబాన్ని అద్దెకు పెట్టారు. ఇళ్లు కిక్కిరిశాయి. అప్పుడు వలసవాళ్లు పేటలు పాడుచేస్తున్నారని అదే నగరం కన్నెర్ర చేసింది. కాలం అందరికీ సమానంగా గడుస్తుంది, నిజమే. కానీ ఎప్పటి నుంచి లెక్కపెడతావన్నది కౌన్సిల్ చేతిలో ఉంది. ముందొచ్చిన చెవులకంటే వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు మనవాళ్లు. బర్మింగ్‌హామ్ నిబంధన కొమ్ములు మొలవకముందే కోసేసే ఏర్పాటు.

ఇంత చెప్పాక జాబితాను సమర్థించడం ఎలా అన్న ప్రశ్న సహజం. 1969లో బారీ కల్లింగ్‌వర్త్ అధ్యక్షతన ప్రభుత్వ సలహా సంఘం ఒక నివేదిక ఇచ్చింది. ఇంటికొచ్చి మర్యాద కొలిచే అలవాటును అది తప్పుపట్టింది. ఎంతకాలం కాపురమున్నారన్న సాకుతో ఎవరి పేరూ జాబితాలోకి రాకుండా అడ్డుకోవద్దంది. ఇలా అనగలిగిందంటే ఆ అలవాట్లు కౌన్సిల్ ఫైళ్లలో రాతపూర్వకంగా ఉన్నాయి కాబట్టే. 1980 చట్టం కౌన్సిళ్లు తమ కేటాయింపు నిబంధనలను బయటపెట్టాలంది. 1984లో జాతి సమానత్వ కమిషన్ లండన్‌లోని హ్యాక్నీ కౌన్సిల్ ఫైళ్లు తీసి, ఒకే రకం అవసరం ఉన్న నల్లవారినీ తెల్లవారినీ పక్కపక్కన పెట్టి చూసింది. కొత్త ఇళ్లు, కింది అంతస్తుల ఫ్లాట్లు తెల్లవారికి ఎక్కువగా వెళ్తున్నాయని తేల్చి, వివక్ష మానాలని నోటీసిచ్చింది. బర్మింగ్‌హామ్‌లోనూ జెఫ్ హెండర్సన్, వాలెరీ కార్న్ కౌన్సిల్ కేటాయింపులనే పరిశోధించి 1987లో ఇలాంటి చిత్రాన్నే బయటపెట్టారు. అదే కాలంలో ప్రైవేటు యజమానులు ఎంతమందిని గుమ్మంలోంచే పంపేశారో లెక్కలు తీయడానికి ఫైళ్లు ఎక్కడివి? పట్టుబడిన దొంగకంటే పట్టుబడని దొంగ మంచివాడని ఎవరూ అనరు. జాబితా విషయంలో మాత్రం మనం తరచు ఈ పొరపాటే చేస్తాం.

జాబితా మీద రెండు పెద్ద అభ్యంతరాలున్నాయి. మొదటిది పాత కాపురస్తులది. కష్టాన్నే చూస్తామంటే నిన్న వచ్చినవాడు పదేళ్లుగా కాచుకున్న వాడిని దాటిపోతాడు, అది న్యాయమా? 1966లో బీబీసీ ప్రసారం చేసిన ‘క్యాతీ కమ్ హోమ్’ నాటకం ఇల్లు పోయిన కుటుంబం పిల్లల్ని కూడా పోగొట్టుకోవడం చూపించి దేశాన్ని కుదిపింది. ఆ తర్వాత పదకొండేళ్లకు, 1977లో, నిలువ నీడ లేని కుటుంబాలకు ఇల్లు చూపించే బాధ్యత కౌన్సిళ్ల మీద చట్టం పెట్టింది. బెత్నల్ గ్రీన్ భాగంగా ఉన్న టవర్ హామ్లెట్స్ అనే లండన్ బరోలో ఆ దారిన ఇళ్లు పొందినవారిలో బంగ్లాదేశ్ నుంచి వచ్చిన పెద్ద కుటుంబాలున్నాయి. బెత్నల్ గ్రీన్ తల్లుల మనవరాళ్లకు అది తమ వీధిని ఎవరో లాక్కుపోయినట్టు తోచింది. ఆ బరోలో కొన్ని పేటలు ‘కొడుకులూ కూతుళ్లూ’ అనే పథకం పెట్టి స్థానికుల పిల్లలకు ముందు ఇళ్లివ్వడం మొదలుపెట్టాయి. తల్లి అద్దె వసూలుదారుతో చెప్పుకునే మాట ఇప్పుడు ప్రభుత్వ పథకమైంది. 1993 సెప్టెంబరులో అదే బరోలో, ఐల్ ఆఫ్ డాగ్స్‌లోని మిల్‌వాల్ వార్డు ఉప ఎన్నికలో, ఇళ్ల కోపాన్నే ఎజెండా చేసుకున్న బ్రిటిష్ నేషనల్ పార్టీ ఏడు ఓట్ల తేడాతో తన మొట్టమొదటి కౌన్సిల్ సీటు గెలిచింది. ఈ బాధను జాత్యహంకారమని కొట్టిపారేయడం సులువు. కానీ అమ్మ ఇంటికి నాలుగు అడుగుల దూరంలో ఉండాలన్న కోరికలో తప్పేముంది? తప్పు ఆ కోపం చూపించిన దిక్కులో ఉంది. 1980 నుంచి కౌన్సిల్ అద్దెదారులు తామున్న ఇళ్లను భారీ రాయితీతో కొనుక్కునే హక్కు పొందారు. ఇంగ్లండ్‌లో ఆ దారిన దాదాపు 20 లక్షల ఇళ్లు ప్రభుత్వం చేజారాయి. వచ్చిన డబ్బుతో మళ్లీ కట్టుకోనివ్వకుండా కౌన్సిళ్ల చేతులు కట్టేశారు. 1990ల చివరికి కౌన్సిళ్లు కట్టే ఇళ్లు ఇంగ్లండ్ మొత్తం మీద ఏడాదికి వందల్లోకి దిగజారాయి. బావి పూడ్చేసినవాడిని వదిలేసి, చేద దగ్గర ఇద్దరు దప్పికగొన్నవాళ్లు కొట్టుకున్నట్టయింది.

రెండో అభ్యంతరం ఆర్థికవేత్తలది. బజారు ధరకంటే తక్కువకు ఏది ఇచ్చినా వరుస తప్పదు, అద్దె పెంచితే వరుస మాయమవుతుంది, నిజంగా పేదవాడికి డబ్బు రూపంలో సాయం చేస్తే సరి అంటారు. ఇందులో కొంత నిజముంది. అద్దె తక్కువైతే అవసరం అంతగా లేనివారూ జాబితాలో చేరతారు, దొరికిన ఇంటిని ఎవరూ వదలరు, ఉద్యోగం మారినా ఊరు మారరు. కానీ అద్దె పెంచితే వరుస మాయమవుతుంది తప్ప వరుసలోని మనుషులు మాయం కారు. బౌండరీ ఎస్టేట్ ముందు వరుస లేదు. మిగతా 5,708 మంది ఉన్నారు. డబ్బు సాయం సంగతీ బ్రిటన్ 1980ల నుంచి చూస్తూనే ఉంది. ఇటుకల మీద పెట్టాల్సిన సొమ్ము అద్దె భత్యంగా మారి ప్రైవేటు యజమానుల ఖాతాల్లోకి ప్రవహిస్తోంది. రాయితీకి అమ్మిన కౌన్సిల్ ఫ్లాట్లలో చాలా చేతులు మారి, అదే భవనంలో, ఎక్కువ అద్దెకు, అదే భత్యంతో నిండుతున్నాయి. వరుస తప్పించాలంటే 1953లో చేసినట్టు చేయాలి. అప్పుడు కన్సర్వేటివ్ ప్రభుత్వమే ఏడాదికి 3 లక్షల ఇళ్ల లక్ష్యాన్ని దాటింది, వాటిలో ఎక్కువ భాగం కౌన్సిళ్లే కట్టాయి.

కట్టకుండా వరుస తగ్గించే ఉపాయం ఇంకొకటుంది: పేర్లు కొట్టేయడం. 2012లో ఇంగ్లండ్ జాబితాల్లో సుమారు 18.5 లక్షల కుటుంబాలుండేవి. 2011 నాటి స్థానిక అధికారాల చట్టం ఎవరికి అర్హత ఉందో కౌన్సిళ్లే తేల్చుకోవచ్చంది. కనీసం రెండేళ్ల కాపురం అడగమని 2013లో కేంద్ర ప్రభుత్వం సూచించింది. 2018 నాటికి జాబితా 11 లక్షల చిల్లరకు దిగింది. ఆ తగ్గిన ఏడు లక్షలకు పైగా కుటుంబాలన్నిటికీ ఇళ్లు దొరకలేదు. చాలావరకు పేర్లే పోయాయి. బర్మింగ్‌హామ్ అయిదేళ్ల నిబంధన కొత్త బట్టలేసుకుని తిరిగొచ్చింది. న్యాయస్థానాలు కూడా ఈ తూకం తమ పని కాదంటాయి. 2009లో లండన్‌లోని న్యూహామ్ కౌన్సిల్ కేసులో, అప్పట్లో చివరి అప్పీలు వినే ప్రభువుల సభ న్యాయమూర్తులు, ఒక స్థాయి కష్టం ఉన్నవారందరినీ ఒకే గాటన కట్టి, వారిలో ఎదురుచూసిన కాలాన్ని బట్టి ఇళ్లివ్వడం చట్టవిరుద్ధం కాదన్నారు. ఎవరి కష్టం ఎంత బరువో తేల్చడం ఎన్నికైనవారి బాధ్యత అని దాని సారాంశం. కాబట్టి జాబితా సాంకేతిక విషయం కాదు, రాజకీయ విషయం. దాన్ని ఆఫీసు గుమాస్తాకు వదిలేయలేం.

ఈ చరిత్ర తెలుగువారికి రెండు వైపుల నుంచి తగులుతుంది. బ్రిటన్‌లో పనిచేస్తున్న మన నర్సులు, సంరక్షకులు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల వీసాల మీద ప్రజా నిధుల సాయం లేదన్న షరతు ఉంటుంది. పన్ను కట్టినా కౌన్సిల్ ఇంటి జాబితాలో పేరుండదు. వారి సంగతిలో వరుస మొదలయ్యే చోటు బెత్నల్ గ్రీన్‌లోనో న్యూహామ్‌లోనో కాదు, వీసా కాగితంలోనే ఉంది. ఇక ఇక్కడ, హైదరాబాద్‌లో, 1908 మూసీ వరద తర్వాత 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు ఇళ్లు కట్టి అద్దెకిచ్చింది. ఆ అద్దె దారి తర్వాత సన్నగిల్లింది. మన ప్రభుత్వాల ఇంటి ఊహ పట్టా చుట్టూ, సొంతం చుట్టూ తిరిగింది. సొంతమైన ఇల్లు ఒకసారే ఇవ్వగలం. అద్దె ఇల్లు ఒక కుటుంబం నిలదొక్కుకుని వెళ్లాక మరొకరికి దక్కుతుంది. హైదరాబాద్ డబుల్ బెడ్‌రూం ఇళ్లకు 2023లో లాటరీ తీశారు. లాటరీలో పైరవీ తక్కువ, అది మెచ్చుకోవాల్సిందే. కానీ లాటరీ ఎదురుచూపును గుర్తుపెట్టుకోదు, కష్టాన్ని తూచదు, ఓడినవాడికి ఎందుకోడిపోయాడో చెప్పదు. అదృష్టానికి అప్పీలు ఉండదు.

ఆర్నల్డ్ సర్కస్ దిబ్బ దగ్గరికే తిరిగి వెళ్దాం. ఓల్డ్ నికల్ యజమానులు అంతకుముందు తరాల్లో ఎంతమందిని వీధిలోకి నెట్టారో ఇవాళ ఎవరూ అంకె చెప్పలేరు. కౌన్సిల్ చేసిన అన్యాయాన్ని మాత్రం ఒక్క మనిషి తేడా లేకుండా చెప్పుకుంటున్నాం: 5,719లో 11. ఆ లెక్క రాసిపెట్టి ఉండబట్టే నూట పాతికేళ్ల తర్వాత కూడా మిగతావారి తరఫున అడగగలుగుతున్నాం.